అడగడం నేర్పిన అక్కయ్యగారు

పంతొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూలై నెల ఐదవ తేదీ, సోమవారం ఉదయం, కృత్రిమ అవయవాలను ఉచితంగా తయారుచేసి అందించే మన సేవాసంస్థలో టెలిఫోన్ ఆపరేటరుగా విధులలో చేరిన నాటినుండి, ఈ నెలాఖరున వెబ్‌సైటు, దాతల సంబంధాల విభాగాధిపతిగా పదవీ విరమణ చేయనున్న నేటి వరకు, మన అక్కయ్యగారు అధిష్ఠించిన పదవుల పేర్లు ఎన్నిసార్లో మారాయి గాని, ఆమె చేసిన పని మాత్రం ఒక్కటే: నడవలేనివారి తరఫున నడవగలిగినవారిని అడగడం. కార్యాలయ పత్రాలలో ఆమెకు వేరే పేరున్నప్పటికీ, అధ్యక్షులవారు మొదలుకొని గేటు దగ్గరి కాపలాదారు వరకు అందరూ ఆమెను అక్కయ్యగారనే సంబోధిస్తారు కనుక, ఈ అభినందన వ్యాసంలోనూ ఆ పిలుపునే ఉంచడమైనది.

ఆనాటి మన సంస్థ ఇప్పుడున్నంత విశాలమైనది కాదు. కింద వర్క్‌షాపు, దానిని ఆనుకుని కొలతలకు వచ్చినవారు కూర్చునే హాలు, పైన రెండు గదుల కార్యాలయం. మెట్ల కింద మిగిలిన జాగాలో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక నల్లని ఫోను. తడి ప్లాస్టర్ వాసనా, ఆకురాయి గరగరలూ ఎడతెగని ఆ మూలలో కూర్చుని ఆమె దశాబ్దానికి పైగా అపరిచితుల గొంతులు విన్నారు. కాలు కావలసినవారు సూటిగానే అడిగేవారు. సాయం చేయదలచినవారే తడబడేవారు. "కొంచెమే ఇస్తే ఏమైనా అనుకుంటారా అండీ?" అని ఒకరు, "ఆ డబ్బుతో మీరేం చేస్తారో తెలుసుకోవచ్చా?" అని మరొకరు, "ఇచ్చాక మళ్లీ మళ్లీ ఫోన్లు చేసి విసిగించరు కదా?" అని ఇంకొకరు. ఎంత ఇచ్చినా చాలదేమోనన్న మొహమాటం, ఇచ్చింది ఎటు పోతుందోనన్న సంశయం, దాతృత్వం చుట్టూ ఎప్పుడూ ఉండే ఈ రెండింటినీ ఓర్పుగా విని, నవ్వుతూ నివృత్తి చేయడమే ఆమె నిత్యకృత్యం. ఆ ఫోను దగ్గర విన్న ప్రశ్నలే తరువాతి కాలంలో ఆమెకు విద్య అయ్యాయి.

రెండు వేల నాలుగవ సంవత్సరంలో మన సంస్థకు తొలి వెబ్‌సైటు ఏర్పడింది. దానిని తెరవగానే వ్యవస్థాపకుల విగ్రహం నెమ్మదిగా ప్రత్యక్షమయ్యేది. వెనుకనుండి వేణుగానం మొదలయ్యేది. కమిటీ సభ్యుల ఛాయాచిత్రాలు ఒకదాని వెంట ఒకటి జారుతూ వచ్చేవి. వాటి కింద అధ్యక్షులవారి సందేశం సుదీర్ఘంగా సాగేది. ప్రారంభోత్సవం నాడు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తరువాత మాసాలు గడిచినా ఆ మార్గంలో విరాళమంటూ దాదాపుగా ఏదీ రాలేదు. జనానికి ఇంకా అలవాటు కాలేదని కమిటీ సమాధానపడింది. అక్కయ్యగారు సైతం అలాగే అనుకున్నారు, ఒక ఆదివారం మధ్యాహ్నం వారి అత్తగారు కంప్యూటరు ముందు కూర్చునే దాకా.

అత్తగారు పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయిని. కీర్తిశేషులైన తమ భర్త పేరిట ఏదైనా ఇవ్వాలని ఆమెకు కోరిక. కోడలు పనిచేసే చోటికి ఇస్తే ఆయన పేరు ఇంట్లో తిరిగినట్టే ఉంటుందన్నారు. కోడలు సాయం చేయబోతే చేతితో వారించారు.

"నువ్వు వేలు పెట్టకు. నేనే చేస్తాను. చదువు చెప్పినదాన్ని, ఆమాత్రం చదవలేనా?"

విగ్రహం వచ్చింది. వేణువు మోగింది. అత్తగారు కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు.

"వీళ్లందరూ ఎవరే?"

"మా కమిటీ అత్తయ్యా."

"పెళ్లి ఆల్బమ్‌లా ఉంది. ఇంతకీ డబ్బు ఎక్కడ ఇవ్వాలి?"

అది పేజీ అడుగున, సందేశం పూర్తయిన తరువాత, సన్నని అక్షరాలలో ఉంది. వెతికి పట్టుకుంటే ఒక పొడవాటి ఫారం తెరుచుకుంది. తండ్రి పేరు, వృత్తి, హోదా, ఫ్యాక్స్ నంబరు. "నాకు ఫ్యాక్స్ ఎందుకుంటుంది? ఉంటే మాత్రం కాలికీ ఫ్యాక్స్‌కీ ఏమిటి సంబంధం?" అని గొణుక్కుంటూనే ఆమె ఒక్కో గడినీ ఒక్కో వేలితో నింపుకుంటూ వచ్చారు. చివరకు నొక్కారు. ఏదో పొరపాటు జరిగిందన్న ఎర్రని వాక్యం ఒకటి ప్రత్యక్షమై, నింపిన గడులన్నీ ఖాళీ అయిపోయాయి. అత్తగారు కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ శాంతంగా అన్నారు:

"మీవాళ్లకి డబ్బు అవసరం లేదే అమ్మాయ్. అవసరమున్నవాళ్లు తలుపు ఇలా బిగించుకుని కూర్చోరు."

మరునాడు అక్కయ్యగారు నాటి కార్యదర్శిగారి గదిలోకి వెళ్లి, వెబ్‌సైటు ద్వారా తామే స్వయంగా ఒక చిన్న విరాళం ఇచ్చి చూడవలసిందిగా వినయపూర్వకంగా అర్థించారు. కార్యదర్శిగారు ఉత్సాహంగా మొదలుపెట్టారు. టీ వచ్చి చల్లారిపోయింది. ఇక లాభం లేదని వారు కుర్చీలో వెనక్కి వాలి, "ఇంతమంది చదువుకున్నవాళ్లం కలిసి ఇదా చేసింది?" అని పకపకా నవ్వారు. అంతటి సహృదయుని చేతికింద పనిచేసే భాగ్యం తమకు దక్కిందని అక్కయ్యగారు నేటికీ స్మరిస్తారు. ఫోను విధులతోపాటు వెబ్‌సైటు బాధ్యతా ఆనాటినుండి ఆమెది.

ఆమె వేణువును ఆపించారు. విరాళమిచ్చే బటన్‌ను పేజీ నెత్తిన, కళ్లు తెరవగానే కనబడే చోట పెట్టించారు. ఫారంలో పేరు, ఫోను నంబరు, ఇవ్వదలచిన మొత్తం తప్ప తక్కినవన్నీ తొలగించారు. ఫోనులో విన్న ప్రశ్నలను ఆ మాటల్లోనే రాసి, వాటి కింద ఫోనులో తాము చెప్పే జవాబులను అలాగే రాశారు. కొంచెమే ఇస్తే ఏమైనా అనుకుంటారా అన్న ప్రశ్న కింద "అనుకోం. ఒక పాదానికి వేసే మేకులు కూడా ఎవరో ఒకరు ఇచ్చినవే" అని ఉంటుంది. అధ్యక్షులవారి సందేశాన్ని వెనుక పేజీకి జరిపినప్పుడు మాత్రం వారు కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు. బటన్ ఎరుపా, ఆకుపచ్చా అన్న విషయమై వెబ్‌సైటు తయారుచేసే కుర్రవాడితో ఆమె చేసిన వాగ్వాదాలు మేడమీదినుండి వర్క్‌షాపు దాకా వినిపించేవి. ఆ రోజుల్లోనే వర్క్‌షాపువారు ఆమెకు 'బటన్ అక్కయ్య' అని బిరుదు ప్రసాదించారు. పట్టిన పట్టు విడవకపోవడం ఆమెలోని సుగుణమా, లోపమా అన్నది ఆ కుర్రవాడిని అడిగి తెలుసుకోవలసిందే.

ఏమైతేనేం, విరాళాలు రాసాగాయి. ఆ దశలో, ఎన్నో ఏళ్లుగా మన వర్క్‌షాపు ఖర్చులో సింహభాగం భరిస్తూ వచ్చిన ఒక పెద్ద బట్టల మిల్లు మూతపడడంతో, ఆ సాయం ఒక్కసారిగా ఆగిపోయింది. ఇకపై వెబ్‌సైటే ఆధారం. కమిటీవారు ఒక ప్రకటనల కంపెనీని నియమించారు. ఆ కంపెనీవారు హాలులో కూర్చున్నవారి ఫొటోలు తీసుకుని వెళ్లి, వాటిలోనుండి ఒకదానిని ఎంపిక చేసి పేజీ నిండా పరిచారు. పరంజా మీదినుండి పడి మోకాలి కింద కాలు పోగొట్టుకున్న ఒక తాపీమేస్త్రిగారి ఫొటో అది. కొలతలకు వచ్చిన రోజున, నలిగిన చొక్కాతో, తల వంచుకుని కూర్చున్నారు. దాని కింద పెద్ద అక్షరాలతో, "ఈ దిక్కులేని మనిషికి మీరే దిక్కు."

ఫొటో పనిచేసింది, అందులో సందేహం లేదు. విరాళాలు వరదలా వచ్చాయి. హాలులో ఎదురుచూసేవారి వరుస కరిగింది. మేస్త్రిగారికీ కాలు తయారై, తొడిగించి, నడిపించి పంపడం జరిగింది. అధ్యక్షులవారు ప్రతి సమావేశంలోనూ ఆ కంపెనీని ప్రశంసించేవారు.

అలా కొన్ని మాసాలు గడిచాక ఒక ఉదయం, చేతులకు ఇంకా ఇస్త్రీ వేడి వదలనట్టుగా వేళ్లు ఊదుకుంటూ, ఒకావిడ తిన్నగా అక్కయ్యగారి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మేస్త్రిగారి భార్య. తమ వీధిలో ఇస్త్రీ దుకాణం నడుపుతున్నారు. చేతిలోని ఫోనును బల్లమీద పెట్టి, ఆ పేజీ చూపించారు.

"ఇది రాసింది మీరేనా అండీ?"

"మేం పెట్టిందే అమ్మా. కూర్చోండి."

"కూర్చోను. ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను. దిక్కులేనివాడు అని రాశారు. అంటే నేను చచ్చిపోయాననుకున్నారా?"

అక్కయ్యగారు ఆ పేజీలోని వాక్యాన్ని మళ్లీ చదివారు.

"మాకు ఇద్దరు పిల్లలు. ఆయనకి ఇద్దరు తమ్ముళ్లు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఒక తమ్ముడు మంచం కిందే పడుకున్నాడు. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు నన్నే అడుగుతున్నారు, మీ ఆయన్ని వదిలేశావా అని. ఆయన టీ కొట్టుకి వెళితే అక్కడ అందరూ అయ్యో అయ్యో అంటున్నారంట. దాంతో మానేశాడు. మీరిచ్చిన కాలు గోడకి ఆనించి పెట్టుకుని, దాన్నే చూస్తూ మేడమీద కూర్చుంటున్నాడు." ఆవిడ బల్లమీది ఫోను తీసుకున్నారు. "నడవడానికే కదండీ కాలు ఇచ్చారు?"

ఆవిడ వెళ్లిపోయాక అక్కయ్యగారు ఎవరినీ సంప్రదించలేదు, ఎవరి అనుమతీ కోరలేదు. మధ్యాహ్నానికల్లా ఆ ఫొటో, ఆ వాక్యం పేజీలోనుండి తొలగిపోయాయి. సాయంత్రానికి అధ్యక్షులవారి పిలుపు వచ్చింది. సంస్థకోసం తమ సొంత వ్యాపారాన్ని సైతం అశ్రద్ధ చేసిన మనిషి వారు; వారి ఆగ్రహంలో స్వార్థం లేశమాత్రం లేదు.

"ఒక మనిషి నొచ్చుకున్నాడు, నిజమే. ఆ ఫొటో వల్ల ఎంతమంది నడుస్తున్నారో అది కూడా నిజమే కదమ్మా. రేపు హాల్లో కూర్చున్నవాళ్లకి ఏం చెబుతారు మీరు?"

"నిజమే చెబుతాను సార్."

"నిజం తొడుక్కుని నడవలేరు వాళ్లు. సరే, వచ్చే సమావేశం దాకా చూద్దాం. అప్పటికి విరాళాలు రాకపోతే ఆ ఫొటో మళ్లీ పెట్టాల్సిందే. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నారు. ఒప్పుకోక గత్యంతరం లేదు. అనుకున్నట్టే విరాళాలు తగ్గాయి. ప్లాస్టర్ బస్తాలు పొదుపుగా వాడవలసి వచ్చింది. హాలులో వరుస మళ్లీ పెరిగింది. ఆమె రోజూ భోజన విరామంలో తమ డబ్బాతో కిందికి దిగి, ఆ వరుసలోనే ఒక కుర్చీలో కూర్చుని తినడం మొదలుపెట్టారు. ఒకనాడు పక్కన కూర్చున్న లారీ డ్రైవరు, తనకు కాలు ఎప్పటికి అందుతుందని అడిగాడు. ఆమె దాచకుండా జరిగినదంతా చెప్పి, మీ వంతు ఆలస్యమవుతుంది, అందుకు కారణం నేనేనన్నారు. అతడు అన్నాడు:

"కావాలంటే నా ఫొటో పెట్టుకోండి అక్కా. నాకేం ఫరవాలేదు. కాకపోతే మా అమ్మ చూడని చోట పెట్టండి. కాలు పోయిన సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు."

ఆ పూట ఆమె డబ్బా మూత పెట్టేశారు. ఇంటికి వెళ్లాక భర్తతో, "నేను చేసింది తప్పేమో, ఎదురుగా కూర్చున్నవాడికి కాలు లేకుండా చేసి ఎక్కడో ఉన్నవాడి పరువు కాపాడుతున్నాను" అన్నారట. ముద్రణాలయంలో అక్షరాలు కూర్చడంతోనే జీవితం గడిపిన ఆ మితభాషి, "ఫొటో తీసేశావు సరే, ఖాళీ వదిలేశావు. ఖాళీ పేజీని ఎవరు చదువుతారు?" అని మాత్రం అన్నారు. ఆమెకు ఆ మాట నాటుకుంది.

మరుసటి సెలవునాడు ఆమె వర్క్‌షాపు ముఖ్య నిపుణులను వెంటబెట్టుకుని మేస్త్రిగారి ఇంటికి వెళ్లారు. కింద ఇస్త్రీ దుకాణం, పక్కనుండి ఇరుకైన మెట్లు, పైన గది. మేస్త్రిగారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. కాలు మూలన గోడకు ఆనించి ఉంది. ఆమె నిలబడే క్షమాపణ చెప్పారు. మేస్త్రిగారు ఇబ్బందిగా కదిలారు.

"అయ్యో, అంతమాట ఎందుకండీ. కాలు ఇచ్చినవాళ్లు మీరు."

"కాలు ఇచ్చాం, పరువు తీశాం. అందుకే వచ్చాను."

"నిజం చెప్పాలంటే, దిక్కుకేం కొదవలేదండీ నాకు" అంటూ ఆయన భార్య వైపు ఓరగా చూశారు. "అదిగో, పొద్దున లేచిన దగ్గర్నుంచీ అరుస్తూనే ఉంటుంది దిక్కు. నాకు అందరూ ఉన్నారు. కాలు ఒక్కటే లేదు."

"అరవకపోతే నువ్వు లేస్తావా మంచం మీంచి?" అన్నారావిడ.

నిపుణులవారు నవ్వారు. అక్కయ్యగారు నవ్వలేదు. ఆయన అన్న మాటనే మనసులో తిరగేసుకుంటున్నారు. కాసేపటికి, ఆ మాట తాము వాడుకోవచ్చునా అని అడిగారు. మాటదేముంది, వాడుకోండన్నారు మేస్త్రిగారు. ఆవిడ మాత్రం అంత తేలికగా వదలలేదు.

"ఫొటో కూడా పెడతారా?"

"మీకు ఇష్టమైతేనే. లేకపోతే లేదు."

"పెడితే నేను పక్కనుండాలి. ఇస్త్రీపెట్టె పట్టుకుని, దుకాణంలో. ఆయన మంచి చొక్కా వేసుకుంటాడు. తల వంచుకుని కాదు."

దుకాణంలో ఫొటో అంటే మేస్త్రిగారు కిందికి దిగాలి. ఆ సంగతి అందరికీ ఒక్కసారే తట్టింది. ఆయన మూలనున్న కాలి వైపు చూశారు. నిపుణులవారు దానిని తెచ్చి తొడిగి, పట్టీలు బిగించారు. ఒక చేయి గోడమీద, ఒక చేయి తమ్ముడి వయసున్న ఆ నిపుణుని భుజంమీద వేసి, మేస్త్రిగారు మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగారు. సగం దారిలో ఆయాసంతో నిలబడి, "ఒక మెట్టు ఎత్తు, ఒక మెట్టు పల్లం. ఎవడు కట్టాడండీ ఈ మెట్లు?" అని విసుక్కున్నారు.

"నువ్వే" అని కిందినుండి ఆవిడ గొంతు వినిపించింది.

ఆయన నవ్వు ఆపుకోలేక గోడకు జారబడ్డారు. కింద నిలబడి చూస్తున్న అక్కయ్యగారు ఆ నవ్వుకు ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నారని నిపుణులవారి సాక్ష్యం.

అలా ఆ ఫొటో వచ్చింది. ఇస్త్రీ బల్లకు అటు ఆవిడ, ఇటు ఆయన, ఇద్దరి మధ్యా మడత పెట్టిన బట్టల దొంతర. కింద ఒకే వాక్యం: "నాకు అందరూ ఉన్నారు. కాలు ఒక్కటే లేదు." దానికి దిగువన, ఒక కాలు తయారుకావడానికి ఏమేమి కావాలో, ఎవరెవరు దానిమీద పనిచేస్తారో, తొడుక్కున్న మనిషి మొదట ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో. పేజీలో పెట్టేముందు రాసినదంతా ఆ దంపతులకు చదివి వినిపించారు. ఎవరి గురించి రాస్తే వారికి చదివి వినిపించి, వారు సరేనన్న తరువాతనే ప్రచురించాలన్న మన సంస్థ నియమం ఆనాడు పుట్టినదే. ఆ నియమం ప్రకారం ఈ వ్యాసాన్ని సైతం అక్కయ్యగారికి చదివి వినిపించడం జరిగింది. "నిస్వార్థ సేవ" అన్న మాట కొట్టివేయించారు. జీతం తీసుకుని చేసిన పనికి ఆ మాట చెల్లదన్నారు. "త్యాగమూర్తి" అన్నది కూడా పోయింది. అత్తగారి ఫ్యాక్స్ సంభాషణ కొంత తగ్గించమన్నారు గాని, అత్తగారే ఉంచమన్నారు కనుక అది ఉన్నది.

సమావేశం రోజు నాటికి విరాళాలు పూర్వపు స్థాయికి చేరలేదన్నది సత్యం. చేరాయని రాస్తే ఆమె అదీ కొట్టివేయించేవారు. ఐతే కమిటీవారు గమనించినది వేరొకటి. లోగడ ఒకసారి ఇచ్చి మరచిపోయినవారే అధికం; ఇప్పుడు ఇచ్చినవారిలో చాలామంది ప్రతినెలా కొంచెం కొంచెంగా ఇస్తామని తమంతట తామే ముందుకు వచ్చారు. దానం చేసిన ప్రతివారికీ, వారి సాయంతో తయారైన కాలు ఎవరిని ఎక్కడికి తీసుకువెళ్లిందో, ఆ మనిషి సమ్మతితో, రెండు వాక్యాలలో తెలియజేయడం ఆమె ఆరంభించారు. ఒకరు ఉద్యోగానికి వెళ్లారు; ఒకరు మనవరాలిని బడినుండి తీసుకువచ్చారు; ఒకరు ఎక్కడికీ వెళ్లలేదు గాని స్నానాలగదికి ఎవరి సాయమూ లేకుండా వెళుతున్నారు. ఆఖరుదానిని చదివి కన్నీరు పెట్టుకున్నామని చెప్పిన దాతలే ఎక్కువ.

అధ్యక్షులవారు కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీని ఆసాంతం చదివారు. మేస్త్రిగారి వాక్యాన్ని పైకి ఒకసారి చదివి కళ్లద్దాలు తీశారు.

"ఇంతకీ నా సందేశం ఎక్కడుందమ్మా?"

"వెనక పేజీలో ఉంది సార్."

"అక్కడే ఉండనివ్వండి."

పాత ఫొటో మళ్లీ రాలేదు. సంవత్సరం తిరిగేసరికి విరాళాలు పూర్వపు స్థాయిని దాటాయి, ఆపై తగ్గలేదు. లారీ డ్రైవరుకు తన వంతు ఆలస్యంగానే వచ్చినా కాలు అందింది; సొంత ఊరికి బస్సులో వెళ్లి, తల్లి ముందు నడిచి చూపించి, ఆ తరువాతే జరిగినది చెప్పాడట. తల్లి ముందు కొట్టిందనీ, ఆ పైన అన్నం పెట్టిందనీ అతడే ఫోను చేసి అక్కయ్యగారికి చెప్పాడు.

మేస్త్రిగారి భార్య సంగతి వేరే చెప్పుకోవాలి. దుకాణానికి వచ్చి బట్టలకోసం నిలబడ్డవారి చేత ఆవిడ ఫోనులో మన పేజీ తెరిపించేవారు. అక్కయ్యగారు ఏదైనా మార్పు చేసినప్పుడల్లా నేరుగా ఆవిడకే ఫోను చేసి ఎలా ఉందని అడిగేవారు. "ఒక చొక్కా ఇస్త్రీ అయ్యేలోపు ఇచ్చేయగలగాలండీ. పోయినసారి రెండు చొక్కాలు పట్టింది, ఒకాయన విసుగొచ్చి వెళ్లిపోయాడు" అన్నది ఆవిడ తీర్పు. నాటినుండి మన కార్యాలయంలో వెబ్‌సైటు వేగాన్ని చొక్కాలలోనే కొలుస్తున్నాము. కొత్తగా చేరిన సాంకేతిక నిపుణులు ఆ కొలమానం విని మొదట తెల్లబోయినా, నెల తిరిగేసరికి తామూ చొక్కాలలోనే మాట్లాడుతున్నారు.

గడచిన దశాబ్దంలో వృద్ధాశ్రమం, రక్తనిధి, బధిరుల పాఠశాల వంటి అనేక సంస్థలవారు అక్కయ్యగారిని ఆహ్వానించి, తమ వెబ్‌సైట్లను చూపించి సలహాలు కోరారు. ఆమె ఉపన్యాసాలు ఇవ్వరు. వారి ఇంట్లోని పెద్దవారినెవరినైనా పిలిపించి, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, తాము వెనుక నిలబడి మౌనంగా చూస్తారు. ఆ తరువాత, పేజీలో ఫొటో ఉన్న మనిషికి ఆ పేజీ చూపించారా అని అడుగుతారు. ఈ రెండింటితోనే చాలా సంస్థలు సగం పేజీ మార్చుకున్నాయి. ఒకచోట మాత్రం ఎంత చెప్పినా వినక, ఏడుస్తున్న పిల్లల ఫొటోలే కొనసాగించారు. ఆమె వారు పెట్టిన టీ తాగకుండానే వచ్చేశారు. కోపం వచ్చినప్పుడు టీ మానేయడం తప్ప ఆమెకు వేరే ఆయుధం లేదు.

గత వారం ఆమె తమ బాధ్యతలను తమ శిష్యురాలికి అప్పగించారు. అన్ని పాస్‌వర్డులూ, అన్ని వివరాలూ చెప్పిన తరువాత ఆ అమ్మాయి, "నేను తప్పు చేస్తే ఎలా అక్కయ్యగారూ?" అని బెంగగా అడిగింది. "చేస్తావు. చేసినప్పుడు ఎవరో ఒకరు వచ్చి బల్ల దగ్గర నిలబడతారు. కూర్చోమను. వాళ్లు కూర్చోకపోయినా, నువ్వు మాత్రం లేచి వెళ్లిపోకు" అన్నారు. అంతకుమించిన ఉపదేశమేదీ ఇవ్వలేదు. కుర్చీ వెనుక వేసి ఉన్న శాలువా తీసుకుని, సొరుగులోని మందులూ దువ్వెనా సంచిలో వేసుకుని, గేటు దగ్గర ఎదురుచూస్తున్న భర్తతో కలిసి బస్టాపు వైపు నడిచి వెళ్లారు.

ఇకమీదట ఉదయపు వేళల్లో భర్తతో కలిసి నది ఒడ్డున నడవాలనీ, ఏళ్లుగా వాయిదా వేసిన ఈత నేర్చుకోవాలనీ, తొంభయ్యో ఏటికి చేరువవుతున్న అత్తగారితో తీరిగ్గా పోట్లాడాలనీ ఆమె సంకల్పం. ఆమె ఆరోగ్యం నిలకడగా ఉండాలని, ఆ ఇంటి మాటల సందడి ఏనాడూ సద్దుమణగరాదని, భర్తా, కుమార్తె, అత్తగారూ చుట్టూ ఉండగా ఆమె చిరకాలం సుఖశాంతులతో వర్ధిల్లాలని మన సంస్థ సిబ్బంది యావన్మందీ మనఃపూర్వకంగా ఆకాంక్షిస్తున్నాము. సంస్థ తరఫున వీడ్కోలు వాక్యం రాయవలసిందిగా వర్క్‌షాపు ముఖ్య నిపుణులను కోరగా, వారు చేతికంటిన ప్లాస్టర్ తుడుచుకుని, రాయడం తమకు చేతకాదని, నోటితోనే చెబుతామని అన్నారు. వారు చెప్పిన మాటను యథాతథంగా ఇక్కడ ఉంచుతున్నాము:

"అక్కయ్యగారూ, మీరు రోజూ రావాలి. కబుర్లకే రావాలి. కొలతలకి మాత్రం ఎప్పుడూ రాకూడదు."